ఉప్పునీటి మడి

ఆ మాట నా నోట్లోంచి జారినప్పుడు నాన్న నా పక్కనే ఉన్నాడు.

రెండువేల అయిదు, జనవరి రెండో వారం. సునామీ మా దీవుల మీదికి వచ్చి ఇంకా మూడు వారాలు కాలేదు. సిప్పిఘాట్ మలుపులో బస్సు దిగి రోడ్డు అంచున నిలబడ్డాం. నేను, మా నాన్న తాతబ్బాయి, నా మొగుడు యుగంధర్. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా బావ అనే పిలుస్తాను. రోడ్డు దిగగానే మా మూడెకరాల వరిమడి మొదలవ్వాలి. సునామీ వచ్చిన ఆదివారం జంగ్లీఘాట్‌లో మా ఫోటో స్టూడియో ముందుకి కూడా నీళ్ళు వచ్చాయి. వచ్చి, వీధిలో చెత్తంతా మా గుమ్మంలో పోసి, వెనక్కి పోయాయి. ఇక్కడ పోలేదు. భూకంపానికి నేలే కిందికి కుంగిందనీ, ఇకమీదట రోజుకి రెండుసార్లు సముద్రం పోటు ఈ పొలాల్లోకే వస్తుందనీ అప్పటికి మాకు తెలీదు. నీళ్ళు బయటికి తోడాలి, గట్టు ఎత్తాలి, అంతే అనుకుంటున్నాడు నాన్న.

పొద్దు గూకుతోంది. గాలి లేదు. మడి ఉన్నంత మేరా ఆకాశం కిందికి దిగి పడుకుంది. గట్టు మీది పోకచెట్లు ఉప్పునీళ్ళు తాగి, నిలబడ్డవి నిలబడ్డట్టే రాగిరంగుకి తిరిగాయి. ప్రతి చెట్టు కిందా దాని నీడ తలకిందులుగా, గీత గీసినట్టు. ఎక్కణ్ణించి వచ్చాయో వందల తెల్లకొంగలు. ఒకటి లేచింది, దాని వెనక అన్నీ లేచాయి, నీళ్ళన్నీ ఒక్కసారి వణికి మళ్ళీ అద్దమైపోయాయి.

"అబ్బ! ఎంత బావుందో!" అన్నాను.

నా వెనక బావ కెమెరా టక్‌మంది.

నాన్న నా వంక చూడలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పంచె ఎగ్గట్టి, నీళ్ళలోకి దిగిపోయాడు. మునిగిన గట్టు మీద కాలితో తడుముకుంటూ, గుడ్డివాడు సొంతింట్లో నడిచినట్టు నడుచుకుంటూ వెళ్ళాడు. మేం రోడ్డు మీదే ఉండిపోయాం.

*

స్టూడియోలో బావ పని ఫోటో తియ్యడం. ఏది బావుందో చెప్పడం నా పని. పెళ్ళి ఆల్బమ్‌లో ఏది ముందుండాలి, అద్దాల అరలో ఏది పెట్టాలి, ఏ ముఖం ఏ వైపు నించి తియ్యాలి, అన్నీ నన్నే అడుగుతాడు. నేను చదివింది తొమ్మిదో క్లాసు. ఎందుకు బావుందని ఎవరైనా అడిగితే చెప్పలేను. చూడగానే ఒంట్లో ఎక్కడో తెలుస్తుంది, అంతే. కారణాలు తర్వాత మెల్లగా వస్తాయి, ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లాగ.

ఆ ఫోటో కడిగించుకుని వచ్చిన రోజున కూడా అలాగే తెలిసింది. పెద్దది చేయించి అద్దాల అరలో పెట్టాను. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "దీదీ, యే కహాఁ కా హై?" అని, ఇదెక్కడిదక్కా అని అడిగేవారు. సిప్పిఘాట్ అంటే నమ్మేవారు కాదు.

అప్పటికి అమ్మా నాన్నా మా దగ్గరే ఉంటున్నారు, స్టూడియో వెనక గదిలో. పోటు వచ్చినప్పుడల్లా వాళ్ళింటి గుమ్మం దాకా నీళ్ళు వస్తుంటే అక్కడ ఉండలేకపోయారు. అయినా నాన్న పొద్దున్నే బస్సెక్కి పొలానికి పోయేవాడు. పార తీసుకుని వెళ్ళి, ఆటు సమయంలో గట్టు బయటపడగానే మట్టి ఎత్తేవాడు. మళ్ళీ పోటు వచ్చి ఆ మట్టిని తీసుకుపోయేది. చీకటి పడే వేళకి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తినేవాడు. ఆ అరలో ఫోటో ముందునించే రోజూ రెండుసార్లు నడిచేవాడు. ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు.

అమ్మ చూసింది. మా అమ్మ గవరమ్మకి అక్షరం రాదు గాని మాట పదును.

"ఆ బొమ్మ తియ్యెయ్యే రత్నం. సచ్చినోళ్ళింటికెల్లి సీర బావుందన్నట్టుంది నీ యవ్వారం."

"నిజంగా బావుంటే ఏం చెయ్యమంటావు? కళ్ళు మూసుకోనా?"

"కళ్ళకి కనపడింది సరే. నోటికేటొచ్చింది?"

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతో ఫోటో అక్కడే ఉంచాను.

*

ఫిబ్రవరిలో ప్రభుత్వ ఆఫీసువాళ్ళు నష్టపరిహారానికి పొలం పోయినవాళ్ళ చేత ఫారాలు నింపించారు. ఫారానికి పొలం ఫోటో అంటించాలి. ఆ చుట్టుపక్కల రైతులందరికీ బావే ఉచితంగా తీశాడు. ఎప్పుడో కూలికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ రాంచీవాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు, మనవాళ్ళు, ఎవరినీ కాదనలేదు. ఒక మధ్యాహ్నం అంతా సైకిల్ మీద తిరిగి, ఒకటి తర్వాత ఒకటి హడావిడిగా తీసి పడేశాడు. బురద, విరిగిన కంచె, తేలుతున్న చెత్త.

నాన్న తన ఫారం తెచ్చి నా చేతికిచ్చాడు. "మంచిది సూసి నువ్వే అంటించమ్మా" అన్నాడు.

ఇప్పటికీ ఆ మాట దగ్గరే ఆగిపోతాను. మంచిది అన్నాడు. నా ముందు మా పొలం ఫోటోలు ఆరో ఏడో ఉన్నాయి. ఆలోచించలేదు. స్టూడియోలో రోజూ చేసే పనే చేశాను. అన్నిటికంటే బావున్నదాన్ని, ఆ సాయంకాలపు దాన్నే, చిన్న సైజులో కడిగించి అంటించాను. ఆఫీసుకి నేనే తీసుకెళ్ళాను, నాన్నతో కలిసి.

గుమాస్తా ఫారం తిప్పి చూశాడు. ఫోటో దగ్గర ఆగాడు. పక్క టేబుల్ ఆయన్ని పిలిచి చూపించాడు.

"యే క్యా హై, బాబా? టూరిస్ట్ స్పాట్ హై క్యా? నుక్సాన్ కిధర్ హై ఇస్‌మే?"

ఇదేం పొలమయ్యా, విహారానికి వెళ్ళే చోటులా ఉంది, నష్టం ఎక్కడుంది ఇందులో, అని. వెటకారంగా కూడా అనలేదు పాపం. నిజంగానే అతనికి నష్టం కనపడలేదు.

"పానీ హై సాబ్. ఖారా పానీ" అన్నాడు నాన్న. ఉప్పునీళ్ళు సార్ అని.

"పానీ తో దిఖ్ రహా హై. బారిష్‌మే భీ ఐసా హోతా హై."

వానాకాలంలోనూ పొలాల్లో నీళ్ళుంటాయి కదా అని, ఫారం మీద ఒక మూల 'పాక్షికం' అని రాసుకున్నాడు. మళ్ళీ సర్వే జరిగినప్పుడు చూద్దాం అన్నాడు. పరిహారం మొదటి జాబితా నోటీసు బోర్డు మీద అంటించిన రోజున, మా గట్టు పక్క గట్టు రాంచీవాళ్ళ పేర్లు ఉన్నాయి. విరిగిన కంచె ఫోటో వాళ్ళది. నాన్న పేరు లేదు.

బస్సులో నాన్న కిటికీ వైపు కూర్చున్నాడు. "నాదే తప్పు నాన్నా" అన్నాను.

"నీదేటుందమ్మా. మంచిది పెట్టమన్నాను, పెట్టినావు."

ఇంటికి రాగానే అమ్మకి తెలిసింది. ఆమె అరవలేదు. అరిచినా బావుండేది. స్టూడియోలోకి వచ్చి, అద్దాల అర తలుపు తీసి, ఫోటో బయటికి లాగి, ముఖం గోడవైపు తిప్పి పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. వెనక గదిలో పొయ్యి వేరుగా పెట్టుకుంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు.

*

మార్చిలో బాధితుల సాయం కోసమని ఫోటోల ప్రదర్శన పెట్టారు, ఒక స్కూలు హాల్లో. ఊళ్ళో ఫోటోగ్రాఫర్లందరినీ అడిగారు.

బావ గోడవైపు తిప్పి ఉన్న ఫోటోని తీసి, తుడుస్తూ నా వంక చూశాడు. "ఇయ్యనా? వద్దంటే ఛోడో, వదిలేసి ఇంకేదైనా ఇస్తాను."

వద్దనాలి. నాన్న ముఖం కళ్ళ ముందు మెదిలింది కూడా. కాని ఆ ఫోటో మళ్ళీ చూశాను. నెలన్నర తిట్లు తిన్నాక కూడా అది ఇసుమంతైనా తగ్గలేదు. మేం ఏడ్చినా, పేరు జాబితాలో లేకపోయినా, అమ్మ పొయ్యి వేరుపెట్టినా, దానికేం పట్టనట్టు అలాగే ఉంది. దానిమీద నాకు కసిలాంటిది పుట్టింది. అయినా అది బాగా లేదని మాత్రం అనలేకపోయాను. అబద్ధమైపోతుంది.

"ఇయ్యి" అన్నాను.

బావ దానికి 'సాయంకాలం' అని పేరు రాసిచ్చాడు. ప్రదర్శన పెట్టినవాళ్ళు ఆ పేరు కొట్టేసి హిందీలో, ఇంగ్లీషులో 'విధ్వంసంలో సౌందర్యం' అని అచ్చువేసి కింద అంటించారు. మొదటి బహుమతి దానికే వచ్చింది.

మూడో రోజు చీకటి పడినా నాన్న పొలం నించి తిరిగి రాలేదు. సాధారణంగా పొద్దు గూకగానే బయల్దేరుతాడు. బావ సైకిలేసుకుని సిప్పిఘాట్ వైపు వెళ్ళాడు. నాకెందుకో హాలుకి వెళ్ళాలనిపించింది.

అక్కడే ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద ఎండి తెల్లబడింది. పార గుమ్మం బయట గోడకి ఆనించి ఉంది. ఫోటో ముందు జనం గుంపుగా ఉంటే, వాళ్ళ వెనక చేతులు కట్టుకుని, డాక్టరు దగ్గర వంతు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. జనం కదిలాక ముందుకి వెళ్ళాడు. చాలా దగ్గరికి వెళ్ళాడు. చూపుడువేలు అద్దానికి తగలకుండా, గాలిలో, ఒక్కో పోకచెట్టునీ లెక్కపెడుతున్నట్టు కదిపాడు.

మీది ఆ వైపేనా, ఇది ఏ చోటని పక్కనున్న కాలేజీ అమ్మాయి ఆయన్ని అడిగింది. "బాబా, ఆప్ ఉధర్ సే హై క్యా? యే కౌన్సా జగహ్ హై?"

నాన్న వేలు దించేశాడు.

"నహీ మాలూమ్, బేటీ" అన్నాడు. తెలీదమ్మా అని.

నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడలేదు. ఇద్దరం బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. నాన్న కాలి మీది ఎండిన బురదని గోటితో పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తున్నాడు.

"ఎవరు చెప్పారు నాన్నా, ఇక్కడుందని?"

"బస్సుల రాంచీవోడు సెప్పినాడు. మీ పొలానికి బహుమానం వొచ్చిందంట, అన్నాడు." కొంచెం నవ్వాడు. "ముప్పయ్యేళ్ళు పండించినాను. ఏ పంటకీ రానేదు బహుమానం."

"నేను ఇయ్యకుండా ఉండాల్సింది. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది."

నాన్న బురద గీకడం ఆపాడు.

"నానూ సూసినాను, రత్నం."

నాకర్థం కాలేదు.

"రోజూ ఎల్తన్నాను కదా గట్టు ఎత్తుదామని. పొద్దు గూకేయేళకి నడుం పట్టేసి తల ఎత్తుతాను. అలాగే ఉంటాది. ఆ కొంగలు, ఆ ఎరుపు. సూడకుండా వొచ్చేద్దామనుకుంటాను. సూత్తాను. కాసేపు అలాగే నిలబడిపోతాను, పార పట్టుకోని." గొంతు తగ్గించాడు, ఎవరి గురించో చాడీ చెబుతున్నట్టు. "పంట ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడు అలాగ నిలబళ్ళేదు నాను. కలుపుందేటో, పురుగుందేటో, అదే సూసీవోణ్ణి. ఇప్పుడు ఏటీ నేదు సూడ్డానికి. అందుకే కనపడతంది. నువ్వు పైకి అనేసినావు. నాను అన్నేదు. అదే తేడా."

నాకు ఏడుపొచ్చింది గాని ఆ మెట్ల మీద, ఆ జనంలో ఏడవలేదు.

"ఆపీసోళ్ళకి కావాల్సిన బొమ్మ వేరు" అన్నాడు లేస్తూ. "అది నాను సెప్పినట్టు తియ్యాలి. అల్లుణ్ణి రేపు మిట్టమజ్జేన్నం రమ్మను."

*

మర్నాడు పోటు నిండుగా ఉన్న వేళ చూసి తీసుకెళ్ళాడు మమ్మల్ని. ఎండ నెత్తి మీద ఉంది. ఆకాశం రంగు పోయి తెల్లగా ఉంది. నీళ్ళు మురుగు రంగులో ఉన్నాయి. కొంగలు ఎక్కడో నీడ చూసుకుని పోయాయి. నాన్న చొక్కా విప్పి నాకిచ్చాడు. పొలం సర్వే నంబరు సుద్దతో రాయించిన పలక ఒకటి పట్టుకుని నీళ్ళలోకి దిగాడు.

మోకాలు, నడుము, ఛాతీ. ఒకచోట గట్టు తప్పి పూర్తిగా మునిగిపోయాడు. పలక ఒక్కటే పైన కనపడింది. నేను కేక వేశాను. మళ్ళీ లేచి, ముక్కులోంచి నీళ్ళు చీదుకుని, ఇంకో నాలుగడుగులు వేసి ఆగాడు. కాలితో కింద వెతికాడు.

"ఇదీ ఆకుమడి! ఇక్కడే నారు పోసీవోణ్ణి! తియ్యి బాబూ!" అని అరిచాడు.

బావ కెమెరా ఎత్తి మళ్ళీ దించాడు. "మావయ్యా, ఎండ నెత్తిమీదుంది. ముఖం నల్లగా వచ్చేస్తుంది. కొంచెం ఎడమకి జరుగు, ఆ చెట్లు నీ వెనకొస్తే..."

"చెట్లొద్దు!"

"పోనీ సాయంత్రం దాకా ఆగుదాం..."

"ఆగొద్దు. బాగా రాకూడదు. తియ్యి!"

బావ నా వంక చూశాడు. ఏం చెప్పాలో నేను చెబుతానని. ఎనిమిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను కదా. నేను తల పక్కకి తిప్పుకుని, చేతిలో చొక్కా మడతపెట్టడం మొదలుపెట్టాను. అప్పుడు తీశాడు.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. కొంచెం పక్కకి ఒరిగింది. పైనంతా తెల్లటి మంట, కిందంతా బురద. మధ్యలో ముసలాయన తల, ఎత్తిన చెయ్యి, పలక. కళ్ళు చికిలించడం వల్ల ముఖం ముఖంలా లేదు. పోలీసులు పట్టుకున్న దొంగలా ఉన్నాడు నాన్న. స్టూడియోకి ఎవరైనా అలాంటి ఫోటో తెస్తే నేను పారేసేదాన్ని.

గుమాస్తా దాన్ని రెండు నిమిషాలైనా చూడలేదు. "హాఁ, అబ్ ఠీక్ హై" అన్నాడు, ఇప్పుడు సరిగ్గా ఉందని. మళ్ళీ సర్వేకి రాశాడు. ఏప్రిల్‌లో సర్వేవాళ్ళు వచ్చి, కర్రలతో లోతు చూసి, ఫారం మీద ముద్ర వేశారు. శాశ్వతంగా మునక, సాగుకి పనికిరాదు. రెండో జాబితాలో నాన్న పేరు వచ్చింది.

ముద్ర పడిన కాగితం నాన్న మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ మర్నాటినించి పొలానికి వెళ్ళలేదు. పార స్టూడియో వెనక గోడకి ఆనించి పెట్టాడు. మేలో వండూర్ దగ్గర హోటలు కడుతున్న ఒకాయన వచ్చి, బహుమతి వచ్చిన ఫోటో గోడంత పెద్దది చేసి ఇస్తారా అని అడిగాడు. హోటలు ముందు గదిలో పెట్టుకుంటాడట. బావ నోరు తెరిచేలోగా నేనే "అది ఇవ్వం" అనేశాను.

వెనక గదిలోంచి నాన్న గొంతు వినపడింది. "ఇచ్చీండమ్మా. నానిక ఎల్లను. ఎవులో ఒకలు సూడాల గదా దాన్ని."

హోటలాయనకి తెలుగు రాదు. ఏమన్నారని అడిగాడు. బావ కాసేపు తడుముకుని, ఇస్తామన్నారని చెప్పాడు.

*

జూన్ మొదటి వారంలో వాన మొదలైంది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున అమ్మ, ఎవరినీ అడక్కుండా, అటక మీంచి రెండు చిన్న మూటలు దింపించింది. విత్తనాల వడ్లు. డిసెంబరు కోతలోవి, నీళ్ళకి అందకుండా ఇంటి దూలానికి వేలాడదీసినవి. ఇల్లు ఒదిలి వచ్చేటప్పుడు మిగతా సామాన్లకంటే ముందు వాటినే మోసుకొచ్చారట. నాకప్పటిదాకా తెలీదు.

"ఏం చేస్తావమ్మా?" అన్నాను.

"మిల్లాడిత్తాను."

నాన్న గుమ్మంలో కూర్చుని వాన చూస్తున్నాడు. విన్నాడు. వద్దనలేదు. బావ మూటలు గొడుగు కింద పెట్టుకుని మిల్లుకి వెళ్ళాడు. మధ్యాహ్నం అమ్మ నా పొయ్యి మీదే ఎసరు పెట్టింది. ఒక పెద్ద గిన్నె, నలుగురికీ కలిపి. చేపల పులుసు చేసింది.

కింద కూర్చున్నాం వరసగా. విత్తనం కోసం ఏరి ఏరి పెట్టిన గింజలు, ఒక్కటీ తాలు లేదు. అన్నం పొడుగ్గా, తెల్లగా, వేటికవి విడిపోయి పళ్ళెంలో పడింది. బావ ముద్ద కలిపాడు గాని నోట్లో పెట్టుకోలేదు. నేనూ పెట్టుకోలేదు. అమ్మ గరిట పట్టుకుని నాన్న ఎదురుగా కూర్చుంది.

నాన్న తల వంచుకుని తిన్నాడు. తొందరలేకుండా, మెతుకు మిగలకుండా, పులుసు వేళ్ళతో తుడుచుకుని తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కుంటాడనుకున్నాం.

పళ్ళెం అమ్మ వైపు జరిపాడు.

"ఇంకొంచెం పెట్టు, గవరా."

అమ్మ పెట్టింది. బయట నాట్లకి సరిపడా వాన పడుతూనే ఉంది.